మొహమాటానికి పోతే...

కృష్ణా జిల్లావాళ్లం దొంగకి భయపడం. ఎదురుగా ఉన్నవాడు ఒకవేళ దొంగ కాకపోతే నొచ్చుకుంటాడేమోనని భయపడతాం. ఆ ఒక్క అనుమానం చాలు వాడికి, మన బీరువా ఖాళీ చేసుకుపోవడానికి. ఫోన్‌లో అవతలివాడు "ఉంటానండీ" అనేదాకా మనం పెట్టెయ్యలేం. రాంగ్ నంబరు వచ్చినా "పర్లేదండీ, భోజనాలయ్యాయా?" అని అడిగి మరీ వదుల్తాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, అందరికీ తెలుసు. దాని రెండో సగం పత్రికలో వెయ్యరు కాబట్టి మొదటి సగంతోనే శీర్షిక సరిపెట్టాను.

పూర్వం ఈ మొహమాటం వల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. దొంగ అనేవాడు మన గుమ్మం దాకా రావాలి, కుక్కని మచ్చిక చేసుకోవాలి, కన్నం వెయ్యాలి. వాడి పాట్లు వాడు పడేవాడు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు గోడకి ఏ ఆకారంలో కన్నం వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తాడు, కొలతాడు మర్చిపోయి వచ్చి జంధ్యంతో కొలుచుకుంటాడు. ఇప్పటి దొంగకి అంత పనితనం అక్కర్లేదు. కన్నం మనమే వేసి, సొమ్ము మనమే మూటగట్టి, మనమే పంపిస్తాం. "వచ్చిందాండీ?" అని కనుక్కుంటాం కూడా.

మా వంశంలో మొహమాటం లేని మనిషి ఒక్కరే ఉన్నారు. ఉయ్యూరులో ఉండే మా పెద్దత్తయ్య. ఆవిడ పక్కన బస్సులో కూర్చోవడమంటే రిజర్వు బ్యాంకు వ్యానులో కూర్చున్నట్టే. డబ్బు మూడుచోట్ల ఉంటుంది. పెద్దనోట్లు గుడ్డసంచిలో చుట్టి రొంటిన దోపుతుంది. మధ్యరకం నోట్లు జాకెట్లో. చేతిలో ఊగుతూ ఉండే జిప్పు పర్సులో చిల్లర. ఆ పర్సు దొంగ కోసం. "వాడూ ఏదో ఆశపడి వస్తాడు. ఉత్తచేతుల్తో పంపితే ఆ కసితో గొలుసు మీద పడతాడు" అని ఆవిడ సిద్ధాంతం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది కాబట్టి ఆ చిల్లరతో పని తప్పింది. అయినా పర్సు మానలేదు. ఇప్పుడందులో ఆధార్ జిరాక్సు, రెండు లవంగాలు ఉంటాయి. అసలు కార్డు రొంటిలో.

మెళ్లో గొలుసుకి, జాకెట్టుకి కలిపి పిన్నీసు. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో "అమ్మా, మీ వెనకాల డబ్బులు పడ్డాయి చూసుకోండి" అనే పాత ఎత్తు మీకూ తెలిసే ఉంటుంది. మనం వంగి పది రూపాయల నోటు ఏరుకునే లోపల సంచి మాయమవుతుంది. మా అత్తయ్య వంగదు. వెనక్కి కూడా చూడదు. సంచి మీద స్థిమితంగా కూర్చుని, "ఆ, నావే. తీసి ఇలా ఇయ్యి" అంటుంది. పెట్టుబడి పోయిన దొంగ మొహం నేను స్వయంగా చూశాను. ఇంకోసారి ఒన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర ఇద్దరు మోటారు సైకిలు ఆపి, మేం పోలీసులం పెద్దమ్మా, ముందు సందులో హత్య జరిగింది, నగలు తీసి కాగితంలో చుట్టుకోండి, చుట్టిపెడతాం ఇటివ్వండి అన్నారు. "హత్య అక్కడ జరిగితే మీకు ఇక్కడేం పని? ముందా శవం సంగతి చూడండి" అంది. ఈ ఎత్తులో నగలు పోయి గులకరాళ్ల పొట్లం మిగిలినవాళ్లందరూ నిజంగా మంచివాళ్లే. పోలీసు అన్నాక ఎదురు ప్రశ్న వెయ్యడం బాగోదని ఊరుకున్నవాళ్లే.

2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు చుట్టాలందరం పసుపుతాడుకి మారి, బంగారం ఇంట్లో పెట్టి, ఇంటికి మా మామయ్యని కాపలా పెట్టి స్నానానికి వెళ్లాం. అది అత్తయ్య ఆజ్ఞ. ఘాట్‌లో అందరూ ఒకేసారి మునగడానికి వీల్లేదని కూడా ఆజ్ఞ. వంతులవారీగా మునగాలి, ఒకరు గట్టున బట్టల దగ్గర ఉండాలి. పుణ్యం వంతుల ప్రకారం వచ్చింది గానీ, బట్టల దగ్గర మాత్రం ప్రతిసారీ నేనే ఉన్నాను.

ఆవిణ్ని మినహాయిస్తే మిగిలినవాళ్లం మర్యాదస్తులం. మా ఇళ్లలో బీరువా తాళం బీరువా పైనే ఉంటుంది. వీధి తాళం దాచే చోట్లు అవనిగడ్డ నుంచి నూజివీడు దాకా అవే: చెప్పుల స్టాండు, తులసికోట వెనక, కరెంటు మీటరు పెట్టె. ఊరందరికీ తెలిసిన ఆ రహస్యం దొంగ ఒక్కడికే తెలీదని మన నమ్మకం. ఏటీఎం పిన్ను పెళ్లయిన సంవత్సరం. అది మరిచిపోతే ఇంట్లో గొడవ కాబట్టి కార్డు కవరు మీద రాసి పెట్టుకుంటాం. పెన్నుతో రాస్తే దొంగకి కనిపిస్తుందని పెన్సిల్‌తో రాస్తాం.

ఒకటో తారీఖున గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఏటీఎం దగ్గర కాసేపు నిలబడండి. పింఛను తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన, లైన్లో వెనకున్న కుర్రాడికి కార్డిచ్చి, "బాబూ, కాస్త తీసిపెట్టు" అంటాడు. పిన్ను ఎంత తాతగారూ అంటే చెవిలో చెబుతాడు, పరమ రహస్యంగా, రోడ్డవతల ఇడ్లీ బండి దాకా వినపడేట్టు. కుర్రాడు మంచివాడైతే సరే. కాకపోతే డబ్బు తీసిచ్చి, అదే రంగు కార్డు, ఎవరిదో పాతది, చేతిలో పెట్టి పంపుతాడు. అసలు కార్డు వాడి జేబులో, పిన్ను వాడి చెవిలో. "చల్లగా ఉండు నాయనా" అని పెద్దాయన దీవించి వెళ్తాడు. ఆ సాయంత్రానికే దీవెన ఫలిస్తుంది. కార్డు తిరిగి తీసుకున్నప్పుడు దాని మీద పేరు మనదో కాదో చూసుకోవడానికి ఒక్క క్షణం చాలు. కానీ సాయం చేసినవాడి ఎదురుగా కార్డు తిప్పి తిప్పి చూస్తే ఏమనుకుంటాడు?

దొంగ ఇంటికి వచ్చే పాత పద్ధతి పూర్తిగా పోలేదు లెండి. 2021 చివర్లో చెడ్డీ గ్యాంగ్ బెజవాడ చుట్టుపక్కల దిగింది. గుజరాత్ నుంచి వచ్చిన ముఠా. నిక్కర్లతో, చేతుల్లో రాడ్లతో సీసీ కెమెరాల్లో కనిపించారు. మా బాబాయి ఉండే అపార్టుమెంటు పోరంకిలో. ఆ వైపు కూడా దొంగతనం జరిగిందనగానే వాట్సాప్ గ్రూపులో నిద్రలు మాని గస్తీ కమిటీ వేసుకున్నారు. రిటైరైనవాళ్లంతా టార్చిలైట్లు, మంకీ క్యాపులు, వాకింగ్ స్టిక్కులు. మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి అర్ధరాత్రి ఆఫీసు పని ముగించుకుని నిక్కరుతో చెత్త సంచి పట్టుకు కిందికి దిగాడు. మెట్ల మీద చుట్టుముట్టారు. అందరికంటే ముందున్న మా బాబాయి టార్చి వేసి, "ఏమీ అనుకోవద్దు బాబూ, తమరు ఆ గ్యాంగాండీ?" అని అడిగాడట.

పోలీసులు గుజరాత్ దాకా వెళ్లి ఆ ముఠాలో కొందర్ని పట్టుకొచ్చారు. గస్తీ కమిటీ రద్దయింది. ఇప్పుడు ఆ గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయమంటారు. ఏ పేరు రాసినా పంపుతారు. ఊరెళ్లేటప్పుడు చెబితే పోలీసులే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టుకునే ఏర్పాటు, ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్, మన రాష్ట్రంలో ఉంది. పైసా ఖర్చు లేదు. మనం పోలీసులకి చెప్పం. ఫేస్‌బుక్‌కి చెబుతాం: "ఊటీలో ఫ్యామిలీతో, ఆదివారం దాకా."

సొమ్ము పోవడం ఒక ఎత్తు, పోయిందని తెలియకపోవడం ఇంకో ఎత్తు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి వెండి రథానికి నాలుగు సింహాలుండేవి. 2020 సెప్టెంబరులో అంతర్వేది గుడి రథం కాలిపోయాక, మన రథాలన్నీ క్షేమంగా ఉన్నాయా అని చూసుకోమన్నారు. దుర్గ గుడిలో ముసుగు తీసి చూస్తే సింహం ఒక్కటే ఉంది. మిగతా మూడూ ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలీదు. అంతర్వేది రథం కాలకపోయి ఉంటే ఇంకెన్నాళ్లకి తెలిసేదో. మరుసటి జనవరిలో పోలీసులు దొంగని పట్టుకున్నారు. భీమవరం వైపు మనిషి, వెండి తునిలో అమ్మేశాడు. సాక్షాత్తూ దుర్గమ్మ వాహనానికే ఈ గతి పట్టిందంటే, నెలనెలా స్టేట్‌మెంటు తెరవని మనలాంటివాళ్ల కార్డుల మాట చెప్పాలా?

ఇక్కడ మళ్లీ మా బాబాయే వస్తాడు. కాలేజీలో ముప్పయ్యేళ్లు కామర్సు చెప్పి రిటైరైన మనిషి. డెబిట్, క్రెడిట్ అంటే నిద్రలో లేపినా చెబుతాడు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు మాత్రం తెరవడు. మెయిల్లో వస్తుంది, తెరవబోతే పుట్టినతేదీ కొట్టమంటుంది. ఆయనకి పుట్టినతేదీలు రెండు, అమ్మ చెప్పినది ఒకటి, బళ్లో మేష్టారు వేసుకున్నది ఒకటి. రెండూ కొట్టి చూసే ఓపిక లేక వదిలేశాడు. ఈ లోపల కార్డులోంచి డాలర్లలో ఏదో పోతోందని మెసేజిలు వచ్చాయి. మొదట చాలా చిన్న మొత్తం. దొంగలు ముందు చిటికెడు తీసి చూస్తారు, ఎవరూ అరవకపోతే గుప్పెడు తీస్తారు. బాబాయి మెసేజి చూశాడు. డాలర్లంటే శాన్ హోసేలో ఉన్న కొడుకే అనుకున్నాడు. పెళ్లాం పిల్లలున్న కొడుకుని "నా కార్డు వాడావా?" అని అడగడం ఏం బాగుంటుంది? ఊరుకున్నాడు. నెలలు గడిచాయి. చివరికి వీడియో కాల్లో పిన్ని పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది, "ఏరా, ఈ డాలర్లు నువ్వేనా?" అని. "నాన్న కార్డు నాకెందుకమ్మా?" అన్నాడు వాడు. అప్పటికి గుప్పెళ్లు దాటి బుట్టలయ్యాయి.

ఇది ఎలా జరుగుతుందంటే, మన దేశంలో కార్డుతో ఆన్‌లైన్‌లో కొనాలంటే ఓటీపీ కావాలి. విదేశీ సైట్లు చాలావాటికి అక్కర్లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు దొరికితే చాలు. అందుకే 2020లో రిజర్వు బ్యాంకు ఒక ఏర్పాటు చేయించింది. కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలో ఏటీఎంలోనూ షాపులో మిషను మీదా మాత్రమే పనిచెయ్యాలి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనం కావాలని తెరిస్తేనే తెరుచుకోవాలి, ఎప్పుడంటే అప్పుడు మూసుకోవచ్చు, దేనికెంత పరిమితి ఉండాలో మనమే పెట్టుకోవచ్చు. మరి బాబాయి కార్డులో విదేశీ తలుపు ఎవరు తెరిచారు? కార్డిచ్చిన కుర్రాడు ఈయన ఫోన్ తీసుకుని టకటకా నొక్కి, "అన్నీ ఆన్ చేసేశానండీ" అన్నాడట. ఈయన థాంక్సండీ అన్నాడట. కాఫీ కూడా ఇప్పించాడట.

రిజర్వు బ్యాంకుదే ఇంకో ఉత్తర్వుంది, 2017 జులై 6 తేదీది. గోడ మీద క్యాలెండరు పక్కన అంటించుకోవాల్సిన ఉత్తర్వు. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడెవడో మన ఖాతాలోంచి లాగేస్తే, మెసేజి వచ్చాక మూడు పనిదినాల్లోపల బ్యాంకుకి చెబితే మనకి నయాపైసా నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే నష్టంలో మన వాటాకి ఒక హద్దు ఉంటుంది, మామూలు సేవింగ్సు ఖాతాకి 10 వేల రూపాయలు. ఏడు దాటితే బ్యాంకు దయ. ఓటీపీ, పిన్ను మనమే చెప్పేసి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మనది, ఫిర్యాదు చేశాక పోయింది బ్యాంకుది. కాబట్టి గడియారం మెసేజి వచ్చినప్పట్నుంచే తిరుగుతుంది. బాబాయి కొడుకు దగ్గర మొహమాటపడుతున్నంతసేపూ తిరిగింది.

ఫోన్‌పే కొట్టడం వచ్చాక మొహమాటానికి కొత్త దారులు పడ్డాయి. అదే అపార్టుమెంటు సెక్రటరీ పాత సోఫా అమ్మకానికి పెట్టారు. ఫోన్ చేసినవాడు ఆర్మీ జవానునన్నాడు, బేరం కూడా ఆడలేదు. డబ్బు పంపడానికి ఒక కోడ్ పంపాడు, స్కాన్ చేసి పిన్ను కొట్టమన్నాడు. దేశం కోసం సరిహద్దులో నిలబడినవాణ్ని అనుమానించడమా? కొట్టారు. డబ్బు పోయింది. "సారీ సార్, పొరపాటైంది, మళ్లీ కొట్టండి, రెండూ కలిపి వాపసు వస్తాయి" అన్నాడు. పాపం పొరపాటని ఒప్పుకున్నాడు కదా అని మళ్లీ కొట్టారు. యూపీఐ 2016లో పుట్టినప్పటి నుంచీ డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఒక మనిషి ఇంకో మనిషికి 'డబ్బు పంపండి' అని కోరుతూ పెట్టే రిక్వెస్టుల్ని 2025 అక్టోబరులో ఆపించేశారు గానీ, కోడ్ పంపి స్కాన్ చెయ్యమనేవాళ్లు ఉన్నారు. సోఫా ఇంకా సెక్రటరీగారింట్లోనే ఉంది. దాని మీదే కూర్చుని నాకిదంతా చెప్పారు.

పల్లెల్లో ఇంకో రకం. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఇది నొక్కండి, మీ బండికి చలానా ఉంది ఇది నొక్కండి అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ఫోన్‌లోకి వచ్చే మెసేజిలన్నీ, ఓటీపీలతో సహా, ఇంకెవడో చదువుతుంటాడు. రైతుని అనడానికీ లేదు. 2025 జనవరి నుంచి మన ప్రభుత్వమే 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోకి వచ్చి సర్టిఫికెట్లిస్తోంది. సర్కారూ దొంగా ఒకే వీధిలో కాపురం పెడితే తలుపు కొట్టింది ఎవరో ఎలా తెలుస్తుంది? తేడా ఒకటే చెప్పగలను. ప్రభుత్వానికి ఇంత తొందర ఎప్పుడూ ఉండదు. "ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అన్న మెసేజి మా బాబాయికి వస్తే ఆయన నమ్మలేదు. "కరెంటు తీసేముందు చెప్పే అలవాటు వాళ్లకి లేదురా" అన్నాడు. ఆయన గెలిచిన ఒకే ఒక్క యుద్ధం అది.

బయటివాళ్ల దగ్గరే ఇంత మొహమాటముంటే చుట్టాల దగ్గర ఎంతుండాలి? అగ్రిగోల్డ్ సంగతి బెజవాడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కంపెనీ కేంద్రం మన ఊరే. సుమారు 32 లక్షల మంది డిపాజిటుదారులు, తిరిగి రాని 6 వేల కోట్ల పైచిలుకు రూపాయలు. 2016 ఫిబ్రవరిలో సీఐడీ ఛైర్మన్‌ని అరెస్టు చేసింది. పది వేలలోపు కట్టినవాళ్లకి 2019 నవంబరులో ప్రభుత్వం ఖజానాలోంచి తీసి ఇచ్చింది. అంతమంది ఎలా కట్టారంటే, అడిగింది ఏజెంటు కాదు, తోడికోడలి తమ్ముడు. పెళ్లిలో పక్క విస్తట్లో కూర్చుని రసీదు పుస్తకం తీస్తే ఎవరు మాత్రం కాదనగలరు?

ఇక అధికారం ముందు మొహమాటం. డెల్టాలో పార్సిలు పంపని ఇల్లు లేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు డాలస్‌కీ న్యూజెర్సీకీ పోతూనే ఉంటాయి. అందుకే "మీరు పంపిన పార్సిలు ముంబైలో పట్టుబడింది" అన్న ఫోన్ ఈ నేలలో పండినంతగా ఇంకెక్కడా పండదు. ఏదో ఒక పార్సిలు దారిలో ఉండనే ఉంటుంది కదా.

మా పెద్దత్తయ్యకి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఉయ్యూరులో ఆవిడ వంటింట్లోనే ఉన్నాను. ఆవిడ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది.

"మేడమ్, ఆప్‌కీ పార్సల్ పకడీ గయీ హై" అన్నాడు అవతలివాడు, గంభీరంగా.

అత్తయ్య పెళ్లికి ముందు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలన్నీ వరసగా కట్టి పాసైంది. ఆ చదువు వాడుకోవడానికి ఉయ్యూరులో దశాబ్దాలుగా ఒక్క మనిషి దొరకలేదు.

"పకడీ గయీ కాదు, పకడా గయా. పార్సల్ పుల్లింగం" అంది.

కాసేపు నిశ్శబ్దం. "ఆప్‌కా పార్సల్ పకడా గయా హై" అని దిద్దుకున్నాడు.

"శాబాష్. ఇప్పుడు చెప్పు. నూనె కారిందా?"

పార్సిల్లో ఎండీఎంఏ దొరికిందన్నాడు. "ఎండు మావిడా? నేను ఎండు మావిడి పెట్టలేదే, మాగాయ పెట్టాను. ఎన్ని సీసాలున్నాయో లెక్కపెట్టు" అంది. అది మత్తుమందనీ, సీబీఐ కేసనీ, వారంటు తయారైందనీ అతను వరసగా చదివాడు. తర్వాత వీడియో కాల్. టోపీ, యూనిఫాం, వెనక గోడ మీద మూడు సింహాలు. అమ్మవారి రథం మీదవి దొరికాయనుకున్నాను. ఆవిణ్ని డిజిటల్ అరెస్టు చేశాననీ, రెండు రోజులు కెమెరా ముందు నుంచి కదలకూడదనీ, ఎవరికీ చెప్పకూడదనీ హుకుం.

"రెండు రోజులా? పొయ్యి మీద పాలున్నాయి నాయనా. మా అబ్బాయి బయటికెళ్లాడు, ఇక్కడ మా మేనల్లుడున్నాడు గానీ వీడికి పాలు కాయడం రాదు." అంటూ ఫోన్‌ని మిక్సీకి ఆనించి, గిన్నె కనపడేట్టు పెట్టింది. "నేను పెరట్లో కరివేపాకు కోసుకొస్తాను. నన్ను అరెస్టు చేశావు కదా, ఈ పాలు కాస్త చూస్తూండు."

వెళ్లిపోయింది. ఆ అధికారీ నేనూ పాలూ మిగిలాం. టోపీ సర్దుకున్నాడు. కెమెరా ముందుకు రండి అని రెండుసార్లు హిందీలో గద్దించాడు. నేను మాట్లాడలేదు. మీగడ కదిలింది. అంచు పైకి లేచింది.

"అమ్మా, పాలు! పాలు పొంగుతున్నాయ్!" అని అరిచాడు, అచ్చ తెలుగులో.

అత్తయ్య పరుగున వచ్చి పొయ్యి కట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుంది. "తెలుగువాడివా? ఏ ఊరు నాన్నా మీది? ఎవరబ్బాయివి?"

ఫోన్ పెట్టేశాడు. ఉంటానండీ అని కూడా అనలేదు.

ఇంతవరకూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి గుర్తొచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మన కుర్రాళ్లని కంబోడియా తీసుకుపోయి అమ్మేస్తే, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మనవాళ్లకే ఫోన్లు చేయించారు. చెయ్యనంటే కొట్టారు, తిండి ఆపారు. అక్కడి సిహనౌక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడ్డారు. ఇది అత్తయ్యకి చెప్పాను. కరివేపాకు దూస్తూ విని, "భోజనం చేశావా అని అడగాల్సింది" అంది. మొహమాటం లేదని చెప్పానే గానీ ఆవిడా కృష్ణా జిల్లా మనిషే.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో ఆ మాటే చెప్పారు. ఏ పోలీసూ, ఏ సీబీఐ అధికారీ వీడియో కాల్లో విచారణ చేసి డబ్బు వేయించుకోడు. చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు దీనికి చిక్కుతున్నారంటే కారణం తెలివి తక్కువై కాదు. పక్కింటివాళ్లకి తెలుస్తుందేమోనని. మొహమాటం డబ్బు తీసుకుపోతుంటే, వెనకే పరువు వచ్చి నోరు మూస్తుంది. భర్తకి తెలియకుండా భార్య, కొడుక్కి తెలియకుండా తండ్రి, ఎవరికీ చెప్పకుండా రోజులు గడిపేస్తారు. అవతల ఆ డబ్బు ఒక అద్దె ఖాతాలోంచి ఇంకో అద్దె ఖాతాలోకి దూకుతూ ఉంటుంది. అన్నట్టు, ఆ ఖాతాలు నాలుగు వేలకో ఐదు వేలకో ఆశపడి అద్దెకిచ్చేది మన కాలేజీ పిల్లలే. ఇంట్లో అలాంటివాడుంటే, దొంగ కంటే ముందు పోలీసుల చేతికి దొరికేది వాడేనని చెప్పండి.

అందుకని ఒక్కటే కోరుతున్నాను. 1930 అని నాలుగంకెలు, వంటింటి గోడ మీద పాలవాడి లెక్క రాసుకునే చోట పెద్దగా రాయండి. డబ్బు పోయిన వెంటనే దానికి ఫోన్ చేస్తే, వాడు తీసుకుపోయేలోపల ఆ సొమ్ముని దారిలో ఖాతాల్లోనే ఆపే వీలుంటుంది. నిమిషాలతో పని. ఆ తర్వాత బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి. ఇంట్లో ఎవరైనా మొహం వేలాడేసుకుని "డబ్బు పోయింది" అని చెబితే, నీకు బుద్ధుందా, చదువుకున్నావు కదా, నేను అప్పుడే చెప్పానా అనేవన్నీ కాసేపు ఆపుకుని ముందు 1930 నొక్కండి. ఫిర్యాదు నంబరు చేతికి వచ్చాక తీరుబడిగా తిట్టుకోవచ్చు. కావాలంటే మా అత్తయ్యని పంపిస్తాను.